విడుపు లేని పిలుపు

డాక్టర్ పరాంకుశం గారి పరిశోధనా వ్యాసం మీద పదకొండు మంది పేర్లున్నాయి. రాళ్లను లారీకి ఎక్కించేటప్పుడు పక్కన నిలబడి సిగరెట్టు కాల్చిన ఆయన బావమరిది పేరు కూడా ఉంది. బాతుల చెంగమ్మ పేరు మాత్రం లేదు. ‘స్థానికుల సహకారంతో లభించిన నమూనా’ అని మూడో పేజీలో ఒక ముక్క ఉంది. చెంగమ్మ ఉన్నదల్లా ఆ ముక్కలోనే. ఆవిడకు చదువు రాదు కాబట్టి ఆ సంగతి చాలా రోజులదాకా తెలియలేదు. తెలిశాక కూడా ‘పోతే పోయిందిలే’ అంది. ఆవిడ ఒళ్లు మండింది దానికి కాదు.

చెంగమ్మది నెల్లూరు వైపు. ఏటా సార్వా వరికోతలు కాగానే ఆవిడా, భర్త పెంచలయ్యా ఎనిమిది వందల బాతుల్ని లారీకెక్కించి గోదావరి చేలకు తోలుకొస్తారు. రాలిన గింజా, నత్తా, పురుగూ ఏరుకుని బాతులు బతుకుతాయి. చేలో ఎరువు పడుతుందని రైతులు కాదనరు. ఒక ఊరి చేలు అయిపోతే ఇంకో ఊరు. ఆ ఏడు వాళ్లు నల్లమెట్ట అనే ఊరి పక్కన దిగారు. అక్కడ నల్లరాతి క్వారీ ఒకటుంది. పైన నల్లరాయి, కింద నల్లరాయి, మధ్యలో మనిషెత్తు తెల్లరాతి పొర. పాత గోతిలో వాననీళ్లు నిలిచి ఉంటే మధ్యాహ్నం పూట మందను అక్కడికి తోలేవారు.

ఒకనాడు ఆ నీళ్ల ఒడ్డున చద్దిమూట విప్పబోతూ చెంగమ్మ ఆగిపోయింది. మందుగుండుకు పగిలిపడ్డ తెల్లరాతి పలక మీద ఎండుగడ్డి పరకంత సన్నటి ఎముకలున్నాయి. ఎన్ని వందల బాతుల్ని కోసి శుభ్రం చేసిన చేతులవి! మెడ కిందుగా ఊపిరిగొట్టం రెండుగా చీలే చోట ఉండే ఎముక చుట్టను ఆవిడ చీకట్లో తడిమినా పోల్చుకోగలదు. ఆ పలకలో అదుంది. పక్కనే పడున్న ఇంకో పలకలో అలాంటిదే ఉంది. దానికి ఎడమవైపు ఉలవగింజంత బుడగ.

“ఏమయ్యో, ఇట్రా! రాయిలో బాతులుండాయి” అని కేకేసింది.

“ఎండదెబ్బ తగిలిందేందే నీకు?” అన్నాడు పెంచలయ్య, కదలకుండానే.

“నీ మొగం. ఇది పెట్ట. బుడగుండాదే, ఇది పోతు. మొగుడూ పెళ్లాం పక్కపక్కనే పొయినట్టుండారు పాపం.”

ఆ పలకల్ని తడిగోనెలో చుట్టి, బాతుపిల్లల గంపలో పెట్టుకుని, క్వారీ పక్కన రేకుల గోదాములో ఉన్న పరిశోధనా కేంద్రానికి నెత్తిన మోసుకెళ్లింది. పాతకాలపు జీవాల ఎముకల కోసం ఆ కేంద్రం వాళ్లు రెండేళ్లుగా తెల్లరాతి పొరను తవ్వుతున్నారు. ఆ రెండేళ్లలో వాళ్లకు దొరికింది నత్తగుల్లలు. పరాంకుశం గారు పలకల వైపు ఓరకంట చూశారు.

“బల్లి ఎముకలమ్మా. అక్కడ పెట్టి వెళ్లు.”

“బల్లికి గొంతులో బుడగుంటాదా సారూ?”

సారు కాగితాలు తిరగేయసాగారు. మూలనున్న బల్ల దగ్గర కూర్చుని సూదితో మట్టి గీకుతున్న ప్రసూన అనే పిల్ల మాత్రం లేచి వచ్చింది. చదువు పూర్తయి ఆ కేంద్రంలో చేరి అప్పటికి ఏడాది. భూతద్దం పెట్టి అరగంట సేపు చూసింది. తర్వాత చెంగమ్మను కుర్చీలో కూర్చోబెట్టి, “ఇది పెట్ట అని ఎలా పోల్చారండీ?” అని అడిగింది. చెంగమ్మ చెప్పింది. పోతుబాతుకు గొంతు బొంగురు, ఆ బుడగ వల్లే. పెట్టకు బుడగ లేదు కాబట్టి కూత ఖంగుమంటుంది. ఈ ముక్క తెలుసుకోవడానికి కాలేజీకి పోనక్కర్లేదు, కూర వండితే చాలు.

వారం తిరిగేసరికి గోదాము ముందు నాలుగు కార్లు ఆగాయి. ఆ రాయి వయసు ఆరున్నర కోట్ల ఏళ్లట. ఇక్కడ నేల చీలి నిప్పులవాగు పారి చల్లారాక, మళ్లీ పారేలోగా ఒక మడుగు నిలిచిందట. ఆ మడుగులో ఈదిన పక్షులట ఇవి. బాతులకూ హంసలకూ ముత్తాతలు. కాళ్లు కొంగకున్నంత పొడుగు, ముక్కు ఇంకా చదును కాలేదు. కొండలంత జంతువులన్నీ మాడి మసైపోతే, ఇవి మాత్రం ఎలాగో గట్టెక్కాయట. ఇదంతా ప్రసూన చెబుతుంటే చెంగమ్మ ఊకొట్టి, “గట్టెక్కవా మరి? బాతు ఏదైనా తింటాది” అంది.

పరాంకుశం గారికి ఎముకలతో తృప్తి కలగలేదు. ఆయన దగ్గర ఒక యంత్రం ఉంది. రాయిని పగలగొట్టకుండానే లోపలున్న గొంతు ఎముకను కిరణాలతో వెంట్రుకవాసి తేడా లేకుండా కొలిచి, అచ్చంగా అలాంటి గొంతునే పలచటి పొరలతో సహా తయారుచేస్తుంది. దానిలోకి గాలి ఊదితే ఆ పక్షి బతికున్నప్పుడు కూసిన కూత వస్తుంది. అయితే ఎంత గాలి, ఎంత బిగువు అనేది తెలియాలంటే ఇప్పటి బాతుల కూతలు వినాలి. అందుకని ప్రసూన ఒక రికార్డరు పట్టుకుని చెంగమ్మ మంద దగ్గరికి రోజూ రావడం మొదలుపెట్టింది.

వచ్చిన మొదటిరోజే ఆ పిల్లకు ఒక సంగతి వింతగా తోచింది. చెంగమ్మ గట్టు మీద నిలబడి “దా… దద్దద్దా… దా” అనగానే చేనంతా చెదిరి మేస్తున్న ఎనిమిది వందల బాతులూ మెడలు నిక్కించి, వరసకట్టి వచ్చి ఆవిడ ముందు నిలబడ్డాయి. ఆవిడ వాటిని ఒకసారి కలయజూసింది. కుంటేవాటిని పక్కకు తీసింది. తర్వాత గొంతు తగ్గించి, బొంగురుగా, “హొయ్య్… హొయ్య్ఁ” అంది. ఆ మాట అన్నాకే అవి కదిలి చేలోకి పోయాయి.

“ఆ రెండోది ఏంటండీ?”

“విడుపు. పిలిచినాక విడవాల గదమ్మా.”

“విడవకపోతే?”

“ఏం జేస్తాయి, నిలబడుంటాయి. ఎండైనా వానైనా. పిల్చింది ఏందో చెప్తాదని సూస్తా ఉంటాయి. మందలో కూడా అంతే. పెట్ట పిలస్తాది, పోతు విడస్తాది. సూడు కావాలంటే.”

ప్రసూన మూడు రోజులు చూసింది. నిజమే. ఆ సంగతి రాసుకుపోయి పరాంకుశం గారికి చూపిస్తే ఆయన నవ్వి, “జానపదం బాగానే ఉంది గానీ, మనకి గాలి ఒత్తిడి లెక్క కావాలి తల్లీ” అన్నారట. పుస్తకంలో లేనిదంతా ఆయనకు జానపదమే.

పెట్ట గొంతు తయారైన రోజున చెంగమ్మను పది బాతులతో గోదాముకు రమ్మన్నారు. బల్ల మీద అద్దాల పెట్టె, దానిలో చిటికెన వేలంత గొంతు, దానికి గొట్టాలు. పరాంకుశం గారు మీట నొక్కారు.

ఆ కూత ఎలా ఉందో చెంగమ్మ తర్వాత ఎవరికీ సరిగ్గా చెప్పలేకపోయింది. గట్టిగా లేదు. అరుపు కాదు, ఏడుపు కాదు. కానీ గంపలో కీచులాడుకుంటున్న పది బాతులూ ఒక్కసారిగా నోరు మూశాయి. మెడలు నిటారుగా లేచాయి. గంప మూత తోసుకుని దిగి, తిన్నగా నడిచి, బల్ల ముందు బారుగా నిలబడ్డాయి. తన ఇన్నేళ్ల కాపరితనంలో ఏ బాతూ తన పిలుపుకు అలా రాలేదు. అంత భయభక్తులతో, అంత నమ్మకంతో రాలేదు. వాటి తల్లి పిలిచింది. తల్లికి తల్లి, ఆ తల్లికి తల్లి, మొట్టమొదటి తల్లి పిలిచింది.

గోదాములో అందరూ చప్పట్లు కొట్టారు. పరాంకుశం గారు యంత్రం ఆపేశారు.

“విడవండి సారూ” అంది చెంగమ్మ.

“ఆపేశాను కదమ్మా.”

“ఆపడం కాదయ్యా, విడవాల. అవి నిలబడుండాయి సూడండి.”

“కాసేపట్లో అవే పోతాయిలే” అని ఆయన ఫోను తీసి బయటికి నడిచారు.

అవి పోలేదు. చెంగమ్మ విడుపు చెప్పింది. ఒక్కటీ చెవిన పెట్టలేదు. ఆవిడ పిలుపుకైతే ఆవిడ విడుపు చెల్లుతుంది. ఇది ఆవిడ పిలుపు కాదు. చివరికి ఎత్తి గంపలో వేసుకుని పోయింది. మర్నాడు చేలో వదిలితే గింజ ముట్టకుండా పదీ గోదాము దారి పట్టాయి. మూడోనాటికి నాలుగు చచ్చిపోయాయి.

చెంగమ్మ చచ్చిన బాతుల్ని గోనెలో వేసుకుని వెళ్లి పరాంకుశం గారి బల్ల ముందు పోసింది. “సారూ, మీ కాళ్లకు మొక్కుతా. దీన్ని బయట మాత్రం కూయించబాకండి. మా మంద రెండు మైళ్ల లోపలే మేస్తా ఉండాది. పోతు గొంతు కూడా చేయండి. ఆ రెండో రాయిలో ఉండాది గదా. విడుపు దాంట్లో ఉంటాది. రెండూ దొరికినాక మీ ఇష్టం.”

“అలాగేనమ్మా” అన్నారాయన. అలాగే అన్నారు. ప్రసూన విన్నది, పెంచలయ్య విన్నాడు, గోదాము తుడిచే మనిషి విన్నది. ఆ మాట చాలనుకుని చెంగమ్మ వెనక్కి తిరిగింది. పెద్ద మనిషి మాట కదా మరి.

ఆ లోపల ఏం జరిగిందంటే, చేపల చెరువుల యజమానుల సంఘం వాళ్లు ఈ కూత సంగతి విన్నారు. వాళ్ల చెరువుల మీద శీతాకాలం వచ్చే అడవి బాతులు, పరజలు వాళ్లకు ఎప్పటినుంచో కంట్లో నలుసులు. తుపాకీతో కాలిస్తే కేసవుతుంది. కూతతో ఒక్కచోటికి పిలిచి, వలేసి, దూరంగా వదిలేస్తే? ‘దూరంగా’ అంటే ఎక్కడో వాళ్లూ చెప్పలేదు, ఈయనా అడగలేదు. చెరువుకో పెట్టె బిగించాలని మాట అనుకున్నారు. కూత ఎంత దూరం వినబడుతుందో తేల్చిచెప్పమన్నారు.

సోమవారం పొద్దున తొమ్మిదిన్నరకు గోదాము కప్పు మీద నాలుగు మైకులు కట్టి, నాలుగు దిక్కులకూ తిప్పి, మీట నొక్కారు. చెంగమ్మకు ఒక్క మాట చెప్పలేదు. ప్రసూనను ఆ రోజు పనిగట్టుకుని పట్నం పంపించారు.

చెంగమ్మ అప్పుడు చేలో గట్టు మీద ఉంది. గాలిలో సన్నగా ఏదో తేలి వచ్చింది. ఆవిడకు అర్థమయ్యేలోగానే మందంతా మెడలెత్తింది. “దా… దద్దద్దా!” అని గొంతు చించుకుంది. చేతిలో గడకర్ర అడ్డం పెట్టింది. అవి కర్ర మీదుగా, ఆవిడ కాళ్ల సందుల్లోంచి, ఆవిడ అక్కడ లేనట్టే నడిచిపోయాయి. గుడ్డులో ఉన్నప్పటినుంచి తన గొంతు విని పెరిగిన బాతులు. అందులో ఒక్కటి కూడా తల తిప్పి చూడలేదు.

చేలకూ గోదాముకూ మధ్య క్వారీ రోడ్డు. కంకర లారీలు పొద్దంతా తిరుగుతూనే ఉంటాయి. బాతులు రోడ్డెక్కాయి. మొదటి లారీ డ్రైవరు బ్రేకు తొక్కాడు గానీ బరువు మీదున్న లారీ ఆగలేదు. చచ్చినవాటిని తొక్కుకుంటూ మిగతావి నడిచాయి. పెంచలయ్య తలగుడ్డ విప్పి ఊపుతూ రోడ్డుకు అడ్డంగా పరుగెత్తాడు. రెండో లారీ ఆపాడు, మూడోది ఆపాడు. నాలుగోది అతని మోకాలు పగలగొట్టి ఆగింది. నూట అరవై బాతులు ఆ రోడ్డు మీదే పోయాయి. మిగిలినవి గోదాము గోడ దాకా వెళ్లి, మైకుల కింద, గోడ వైపు ముఖాలు పెట్టి నిలబడ్డాయి.

“మూడున్నర కిలోమీటర్లు!” అని పరాంకుశం గారు లోపల ఎవరికో ఫోనులో చెబుతున్నారు. ఆ గొంతులోని సంతోషం చెంగమ్మకు గోడ అవతలినుంచి వినబడింది. ఆ క్షణాన ఆవిడ ఆ గోదాముకు నిప్పు పెట్టి ఉంటే తప్పు ఎవరిదంటారు? పెట్టలేదు. భర్తను ఆసుపత్రికి చేర్చాలి.

మర్నాటినుంచి ఆవిడ బతుకు ఆ గోడ దగ్గరే. పెంచలయ్య కాలికి కట్టుతో, ఆసుపత్రి నుంచి వచ్చి గోదావరి అవతల వాళ్ల తమ్ముడి మకాముకు పోయాడు. పొదుగుకోళ్ల కింద పెట్టిన మూడు గంపల బాతుగుడ్లనూ తనతో తీసుకుపోయాడు. బాతు సరిగ్గా పొదగదు కాబట్టి కోళ్ల కింద పెట్టడం వాళ్ల అలవాటు. అవి కూత అందనంత దూరంలో ఉండాలని చెంగమ్మే పంపింది. ఇక్కడ ఈవిడ ఒక్కతే. తవుడు, నత్తలు కలిపి ముద్దలు చేసి ఒక్కో బాతునూ పట్టుకుని, నోరు విప్పి, వేలితో కుక్కేది. దించగానే అది మళ్లీ గోడ వైపు తిరిగేది. ఆరు వందల పైచిలుకు నోళ్లకు ఒక్క మనిషి. మొదటివి తిని చివరివి తినేలోగా మొదటివి నీరసించేవి. పట్నం నుంచి తిరిగొచ్చిన ప్రసూన సంగతి తెలిసి లోపలికి వెళ్లి పెద్ద గొడవే చేసి, ఏడుపు మొహంతో బయటికి వచ్చి, ఇంకో బేసిను పట్టుకుని పక్కన కూర్చుంది.

“అమ్మాయ్, ఏడవబాక. ఆ రెండో రాయి తీసకరా. పోతు గొంతు చెయ్యి. నీకొచ్చు గదా ఆ యంత్రం.”

ప్రసూన లేచి వెళ్లింది. గంట దాటింది. వచ్చేటప్పటికి ఆ పిల్ల చేతులు ఖాళీగా ఉన్నాయి.

“లేదండీ.”

“లేకేం? నేనేగా తెచ్చింది.”

“కోశారండీ.” “కేంద్రం వార్షికోత్సవం అయింది కదండీ పోయిన నెల. అతిథులకి జ్ఞాపికలు కావాలన్నారట. పెట్ట రాయి బాగుంది, ఇది విరిగిపోయి ఉంది, రెండోది ఎందుకు అన్నారట సారు. పలకలుగా కోసి, నునుపు పట్టించి, చెక్క మీద బిగించి ఇచ్చేశారు. పన్నెండు ముక్కలు. నేను సెలవులో ఉన్నానండీ అప్పుడు. వెళ్లి రెండు ముక్కలు చూసొచ్చాను. రంపం సరిగ్గా ఆ బుడగలోంచే పోయింది. ఎముక పొడైపోయింది.”

నిప్పులవాగు మీదుగా పారినా చెక్కుచెదరలేదే అది! ఆరున్నర కోట్ల ఏళ్లు రాయి పొట్టలో పెట్టి దాచిందే! క్వారీ మందుగుండుకు కూడా తట్టుకుందే! ఎవడో కోటు వేసుకున్నవాడి షోకేసులోకి పోవడానికా ఇంతకాలం దాక్కుంది? ప్రపంచం మొత్తంలో అలాంటి గొంతు ఒక్కటే ఉందని ప్రసూనే చెప్పింది. మళ్లీ దొరికేదాకా ఈ పిలుపుకు విడుపు లేదు. బాతుకు ముద్ద పెడుతున్న వేళ్లు ఆగిపోయాయి. “వీళ్లకి చదువెందుకు చెప్పించార్రా నాయనా” అంది చివరికి. తిట్టు కూడా అంతకుమించి రాలేదు ఆవిడకి.

తొమ్మిదో రోజున చెరువుల సంఘం పెద్దలూ, అనుమతి ఇవ్వాల్సిన అటవీశాఖ అధికారిణీ వచ్చారు. గోదాము వెనక మైదానంలో షామియానా వేశారు. అప్పటికి చెంగమ్మ బాతులు మూడు వందల నలభై మిగిలాయి. అవి కనబడకుండా గోడ పక్కన పట్టాలు కట్టమని పరాంకుశం గారు పనివాళ్లకు చెప్పారు. వాళ్లు కట్టారు. చెంగమ్మ విప్పేసింది. మళ్లీ కట్టారు. మళ్లీ విప్పేసింది. మూడోసారి కట్టడానికి వాళ్లకు మనసొప్పలేదు.

మీట నొక్కారు. ఆ రోజు గాలి అనుకూలంగా ఉంది. కాసేపటికి పడమటి వైపు ఆకాశంలో చుక్కలు కనబడ్డాయి. పరజలు, సిలువ బాతులు, ఎక్కడి మంచుదేశాల నుంచో వచ్చిన పెద్దబాతులు గుంపులు గుంపులుగా దిగాయి. రెక్కలు ముడుచుకుని, మనుషుల్ని లెక్కచెయ్యకుండా, మైకుల ముందు బారులు తీరి నిలబడ్డాయి. సంఘం పెద్దలు కుర్చీల్లోంచి లేచి మరీ చప్పట్లు కొట్టారు.

అధికారిణి కొట్టలేదు. కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. “బాగుందండీ. ఇప్పుడు వీటిని పంపించెయ్యండి” అంది.

“వాటంతట అవే వెళ్లిపోతాయి మేడం.”

“సరే, కూర్చుంటాను.”

కూర్చుంది. ఐదు నిమిషాలు. పది. ఇరవై. ఒక్క రెక్క కదల్లేదు. పరాంకుశం గారు చెమట తుడుచుకుంటూ పనివాళ్లకు సైగ చేశారు. వాళ్లు డబ్బాలు వాయించారు, పరజల మధ్యకు పరుగెత్తారు. అవి పక్కకు జరిగి మళ్లీ అక్కడే నిలబడ్డాయి. అప్పుడు అధికారిణి గోడ వైపు చూసింది. ఎముకలు తేలిన మూడు వందల నలభై బాతులు, వాటి మధ్య తవుడు బేసినుతో ఒక మనిషి.

“అవి ఎప్పటివి?” అని అడిగింది.

“తొమ్మిది దినాలయినాది తల్లీ” అంది చెంగమ్మ. “ఎనిమిది వందలు ఉండె. పిల్చిన మారాజు నీడపట్టున చల్లగా కూచోనుండాడు.”

అధికారిణి ఫైలు మూసింది. “పంపించడం నేర్చుకున్నాక కబురు చెయ్యండి. అప్పటిదాకా ఆ పెట్టె నా కస్టడీలో ఉంటుంది” అని లేచింది. గొంతున్న అద్దాల పెట్టెను జీపులో పెట్టించుకుని పోయింది. ఆ వెనకే సంఘం పెద్దల కార్లు ఒక్కొక్కటే జారుకున్నాయి. బావమరిది కూడా కనబడలేదు. షామియానా కింద ఖాళీ కుర్చీలు, పరాంకుశం గారు, దూరంగా ప్రసూన మిగిలారు. మైదానం నిండా పక్షులు.

ఆయన చెంగమ్మ దగ్గరికి వచ్చారు. మొదటిసారి ఆవిడ ముఖంలోకి చూశారు.

“ఏదో ఒకటి చెయ్యమ్మా. నీకు తెలుసు కదా వీటి సంగతి. తోలుకుపో. నీ మందను కూడా తోలుకుపో.”

“నా మంద యాడుండాది సారూ? ఇది మీ మంద. మీరు పిలిస్తే వచ్చినాయి. నేను పిలవలా.”

“నాకు చేతకాదమ్మా.”

“పిలవను చేతనయింది గదా.”

ఆయన తల దించుకున్నారు. ఆవిడకు జాలి వేయలేదు. జాలిపడదగ్గవాళ్లు అక్కడ వేలమంది నిలబడి ఉన్నారు, మెడలు నిక్కించుకుని. ఆవిడ తన గడకర్ర తీసుకొచ్చి ఆయన చేతిలో పెట్టింది. తళతళలాడే ఆయన బూట్లను రెట్టల మధ్యకు నడిపించి, గోడకు ఎదురుగా, మంద ముందు నిలబెట్టింది. చెయ్యి నోటికి ఎలా అడ్డం పెట్టుకోవాలో చూపించింది. ఊపిరి పొట్టలోంచి ఎలా తేవాలో చూపించింది.

“అనండి. హొయ్య్…”

“హొయ్…”

“బొంగురు రావాల. ఇంకా కిందనుంచి.”

“హొయ్య్… హొయ్య్ఁ…”

ఒక్క బాతూ కదల్లేదు. ఆయన మళ్లీ అన్నారు. మొదట మొక్కుబడిగా అన్నారు. తర్వాత కోపంగా అన్నారు. ఒక పెట్ట ఆయన బూటు మీద తల వాల్చి, అలాగే ఒరిగిపోయి, ఇక లేవలేదు. దాన్ని చూశాక ఆయన గొంతు మారింది. బొంగురుపోయింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. అయినా అవి కదల్లేదు.

చెంగమ్మ మిగిలిన తవుడు బేసిను ఆయన కాళ్ల దగ్గర పెట్టింది. తన మంద వైపు ఒక్కసారి చూసింది. ఒక్కోదాన్నీ ఎరుగును. ఆ తెల్లమచ్చది మొన్నమొన్నటిదాకా ఆవిడ కొంగు లాగి గింజలడిగేది. కానీ గోదావరి అవతల గంపల్లోని గుడ్లకు ఇరవయ్యారో రోజు వచ్చింది. పెంకు లోపల వినికిడి మొదలయ్యే రోజు అది. ఇవాళ్టినుంచి మూడు రోజులు గుడ్ల దగ్గర ముఖం పెట్టి పిలవకపోతే అవి పుట్టినా ఎవరివీ కాకుండా పోతాయి. పిలుపూ చెప్పాలి, విడుపూ చెప్పాలి. రేవు దాటే పడవ వేళయింది.

“ఎంతసేపమ్మా ఇలా?” అన్నారు పరాంకుశం గారు.

“అవి యినేదాకా.”

“వినకపోతే?”

“అవి నిలబడినంతసేపూ సారూ.”

ప్రసూన షామియానా కిందనుంచి ఒక కుర్చీ మోసుకొచ్చి ఆయన వెనక వేయబోయింది. చెంగమ్మ ఆ కుర్చీని చేత్తో ఆపింది.

“వొద్దమ్మాయ్. మంద నిలబడుంటే కాపరి కూచోడు.”